నాలుగు టైర్లు, వెయ్యి హార్స్‌పవర్

1999లో లె మాన్ 24 గంటల పందెం గెలిచిన బీఎండబ్ల్యూ రేసు కారులో ఉన్నది 12 సిలిండర్ల ఇంజిన్. మరుసటి ఏడాది ఆ కంపెనీ ఇంజినీర్లు అదే జాతి ఇంజిన్‌ను తీసుకెళ్లి ఎక్స్5లో కూర్చోబెట్టారు. ఎక్స్5 అప్పుడప్పుడే బజారులోకి వచ్చిన కుటుంబాల బండి. ఎత్తు సీట్లు, తోలు తొడుగులు, వెనక సామాన్లకు బోలెడు చోటు, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం. పందెం నియమాల కోసం గాలి దారికి బిగించే అడ్డుబిళ్ల ఇక్కడ అక్కర్లేదు కనుక తీసేశారు. ఇంజిన్ కడుపారా గాలి పీల్చి 700 హార్స్‌పవర్ ఇచ్చింది. రేసు డ్రైవర్ హాన్స్ యోఆకిమ్ స్టుక్ ఆ బండిని జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ మీద, 20 కి.మీ. పైచిలుకు కొండదారి చుట్టును, 7 నిమిషాల 49.92 సెకన్లలో తిప్పాడు. రెండు దశాబ్దాల తర్వాత, 2021లో, పోర్షే తన కయెన్ టర్బో జీటీతో అదే చోట ఎస్‌యూవీల రికార్డు పెట్టినప్పుడు పట్టిన సమయం 7 నిమిషాల 38.9 సెకన్లు. ఇరవై ఏళ్ల టైర్ల పరిజ్ఞానం, ఎలక్ట్రానిక్స్, సస్పెన్షన్ అన్నీ కలిసి తగ్గించగలిగింది పదకొండు సెకన్లు.

ఆ ఎక్స్5 ప్రస్తావన వస్తే అందరి నోటా వచ్చేది 700 అన్న అంకె. రావడం సహజమే. కానీ ఇలాంటి బండ్లను దగ్గరగా చూసేకొద్దీ, హార్స్‌పవర్ పెంచడం ఇంజిన్ దగ్గర మొదలై చాలా దూరం పోయే పని అని తెలుస్తుంది. పెరిగిన బలం గేర్‌బాక్స్ దాటాలి. షాఫ్టులను మెలిపెట్టాలి. చివరికి అరచేతి కంటే కాస్త పెద్దవైన నాలుగు రబ్బరు పట్టీల మీదుగా రోడ్డును తన్నాలి. ఆ దారిలో ఉన్న ప్రతి భాగాన్నీ ఎవరో ఒక ఇంజినీరు, ఇంత భారం మోస్తే చాలునని లెక్కగట్టి, ఆపైన కొంత మిగులు ఉంచి గీసి ఉంటాడు. మార్పులు చేసేవాడు ఖర్చుపెట్టేది ఆ మిగులునే.

ఎత్తైన, బరువైన బండికి ఇంత బలం దేనికన్న ప్రశ్న పాతదే. 1991లో అమెరికాలో జీఎంసీ సైక్లోన్ అనే పికప్ వచ్చింది. టర్బో బిగించిన 4.3 లీటర్ల వీ6, 280 హార్స్‌పవర్, ఆల్ వీల్ డ్రైవ్. కార్ అండ్ డ్రైవర్ పత్రిక దాన్ని ఫెరారీ 348 పక్కన నిలబెట్టి పావు మైలు పరిగెత్తిస్తే పికప్పే ముందు చేరింది. వెంటనే అదే సామగ్రితో టైఫూన్ అనే మూసిన బండి తీశారు. ఫెరారీ ఇంజిన్ తక్కువదై ఓడలేదు. నిలబడ్డ చోటు నుంచి కదిలేటప్పుడు రెండు చక్రాల కంటే నాలుగు చక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటాయి, అంతే. ఆ సంగతి బండ్ల బలం పెంచే ట్యూనర్ల బుర్రలో నాటుకుపోయింది.

ఈ కథకు మన కాలపు నిలువెత్తు ఉదాహరణ జీప్ గ్రాండ్ చెరోకీ ట్రాక్‌హాక్. 2017లో న్యూయార్క్ ఆటో షోలో చూపించి, 2018 మోడల్‌గా అమ్మారు. 2021తో ఆపేశారు. జీప్ దాన్ని ఎస్‌యూవీ అంటుంది గానీ, నిర్మాణం కారులాగే బాడీ, చట్రం ఒకటిగా కలిసినదే. అందులో 6.2 లీటర్ల హెమీ వీ8, దాని నెత్తిన సూపర్‌చార్జర్, ఫ్యాక్టరీ నుంచే 707 హార్స్‌పవర్. గంటకు 60 మైళ్లు, అంటే 96 కి.మీ., అందుకోవడానికి 3.5 సెకన్లు. గరిష్ఠ వేగం 180 మైళ్లు, మన లెక్కలో 290 కి.మీ. బరువు 2,430 కిలోల పైమాట. 2019లో ధోనీ రాంచీకి తెప్పించుకున్న ఎర్ర బండి ఇదే కాబట్టి మన క్రికెట్ అభిమానులకు దీని పేరు కొత్త కాదు.

అయితే జీప్ ఇంజినీర్లు ఇంజిన్ పెట్టి ఊరుకోలేదు. బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో గొలుసును వెడల్పు చేశారు, దాని పళ్ల చక్రాలను ఫోర్జ్ చేసిన ఉక్కుతో తీశారు, వెనక షాఫ్టులను బలపరిచారు. ముందు బ్రేకు డిస్కులు 400 మిల్లీమీటర్లకు పెరిగాయి. ఫాగ్ ల్యాంపులు పీకేసి ఆ చోటును చల్లగాలికి ఇచ్చారు. ఇంజిన్ లోపలి క్రాంక్‌షాఫ్ట్ 110 బార్ల దహన పీడనాన్ని తట్టుకునేలా తయారైంది. ఇవేవీ షోరూంలో కొనేవాడి కంటికి ఆనవు. ఈ బండి గొప్పతనం మాత్రం వీటిలోనే ఉంది.

హ్యూస్టన్ నుంచి ఐ-10 రోడ్డు పట్టుకుని పడమరగా, తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన కేటీని దాటి ఇంకొంత దూరం పోతే సీలీ అనే చిన్న ఊరు వస్తుంది. 1991లో జాన్ హెన్నెసీ మొదలుపెట్టిన ట్యూనింగ్ సంస్థ ఉన్నది అక్కడే. ట్రాక్‌హాక్ వచ్చీరాగానే వాళ్లు దానికి హెచ్‌పీఈ1000 అనే ప్యాకేజీ ప్రకటించారు. సూపర్‌చార్జర్ మెరుగుపరిచి, క్యామ్‌షాఫ్ట్ మార్చి, సిలిండర్ హెడ్లలో గాలి దారులు నునుపు చేసి, పెద్ద ఇంజెక్టర్లు వేసి, ఎగ్జాస్ట్ మార్చి 1,012 హార్స్‌పవర్ రాబట్టారు. టార్క్ 875 న్యూటన్ మీటర్ల నుంచి 1,300 దాటింది. 60 మైళ్ల వేగం అందుకునే సమయం మూడు సెకన్ల లోపుకు దిగింది.

ఈ పనిలో అన్నిటికంటే చిన్న వస్తువు దగ్గర కాసేపు ఆగాలి. సూపర్‌చార్జర్ ముక్కు మీద ఒక పుల్లీ ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ నుంచి వచ్చే బెల్టు దాన్ని తిప్పుతుంది, అది లోపలి రెండు స్క్రూలను తిప్పుతుంది, అవి గాలిని కుదించి ఇంజిన్‌లోకి తోస్తాయి. ఈ పుల్లీ వ్యాసం కొన్ని మిల్లీమీటర్లు తగ్గిస్తే చాలు, ఇంజిన్ అదే వేగంతో తిరిగినా స్క్రూలు ఇంకా వేగంగా తిరుగుతాయి, బూస్ట్ పెరుగుతుంది. పాత పుల్లీని పుల్లర్‌తో లాగేసి, కొత్తది ఎక్కించి, కాస్త పొట్టి బెల్టు వేసి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూలో మ్యాప్ మార్చడం. బయటినుంచి చూస్తే ఇంతే. కానీ పుల్లీ చిన్నదైతే దాన్ని బెల్టు చుట్టుకునే భాగం కూడా తగ్గుతుంది. ఎక్కువ బలం లాగాల్సిన చోటే పట్టు సన్నగిల్లుతుంది. బలం కొలిచే డైనో మీద బండిని కట్టి యాక్సిలరేటర్ అదిమితే, ఆరువేల ఆర్‌పీఎం దగ్గర పైకి ఎక్కాల్సిన బూస్ట్ గీత తలవంచుతుంది. బానెట్ ఎత్తితే పుల్లీ చుట్టూ నల్లటి రబ్బరు పొడి. అప్పుడు గరుకు పూత వేసిన పుల్లీ కావాలి, బెల్టును ఇంకొంచెం చుట్టి తిప్పే అదనపు రోలర్ కావాలి, గట్టి టెన్షనర్ కావాలి.

బెల్టు నిలబడిందనుకుంటే తరవాతి తలనొప్పి వేడి. కుదించిన గాలి వేడెక్కుతుంది, వేడి గాలిలో పెట్రోలు తన సమయానికి ముందే అంటుకుంటుంది. ఇంజిన్ నాక్ అంటే అదే, పిస్టన్‌కు అంతకు మించిన శత్రువు లేదు. నాక్ వాసన తగలగానే ఈసీయూ స్పార్క్ సమయాన్ని వెనక్కి జరుపుతుంది, దాంతో బలం పడిపోతుంది. అందుకే మొదటి పరుగులో అదరగొట్టిన బండి, వెంటనే తీసిన రెండో పరుగులో నీరసిస్తుంది. ఈ ఇంజిన్ కుటుంబానికే చెందిన 2018 డాడ్జ్ డీమన్‌లో ఇంజినీర్లు దీనికి ఒక చక్కటి ఉపాయం కనిపెట్టారు. డ్రాగ్ పరుగు ముందు ఏసీ వాయువును కేబిన్‌కు కాక, ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లబరిచే నీళ్లకు మళ్లించారు. ట్యూనర్లలో చాలామంది మరో దారి పడతారు. ఇథనాల్ ఎక్కువగా ఉండే ఈ85 పోస్తారు. అది ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, నాక్‌ను బాగా ఓర్చుకుంటుంది. కానీ కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాల్సి ఉండగా, కిలో ఈ85కి 9.8 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఇంధనం బాగా ఎక్కువ పోయాలి. పంపు మారాలి, ఇంజెక్టర్లు మారాలి, పైపులు మారాలి. డీమన్ తర్వాత వచ్చిన రెడ్‌ఐ బండిలోని 797 హార్స్‌పవర్ ఇంజిన్‌ను పూర్తి థ్రాటిల్ మీద ఉంచితే నిండు ట్యాంకు పదకొండు నిమిషాల లోపే ఖాళీ అవుతుందని డాడ్జ్ తానే చెప్పుకుంది. వెయ్యి హార్స్‌పవర్ దాహం ఎంతో అక్కణ్నుంచి ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఒక లెక్క. ఇలాంటి బండ్ల గురించి చెప్పే లెక్కల్లో ఇంతకంటే అందమైనది మరొకటి లేదు.

మామూలు రోడ్డు టైరు పొడి రోడ్డు మీద తన మీద పడే బరువుకు దాదాపు సమానమైన బలంతోనే నేలను తోయగలదు. కాబట్టి నాలుగు చక్రాలూ తోసినా బండి వేగం ఒక్కో సెకనులో సెకనుకు 9.8 మీటర్ల కంటే ఎక్కువగా పెరగదు. ఆ చొప్పున 60 మైళ్లు అందుకోవడానికి 2.7 సెకన్లు పడుతుంది. ఇంజిన్ ఎంతదైనా సరే. ట్రాక్‌హాక్ బరువున్న బండిని ఆ చొప్పున తోయడానికి 60 మైళ్ల వేగం దగ్గర కావాల్సింది సుమారు 860 హార్స్‌పవర్, 30 మైళ్ల దగ్గర అందులో సగం. అంటే మొదటి మూడు సెకన్లలో అంతకు మించిన బలం ఉన్నా పెట్టడానికి చోటు లేదు. మొదటి గేర్‌లో, చివరి గేర్ నిష్పత్తితో కలిపి, ఇంజిన్ టార్క్ పదిహేడు రెట్లు అవుతుంది. 1,300 న్యూటన్ మీటర్లను అలా హెచ్చిస్తే టైర్లు మోయగలిగిన దానికి రెట్టింపు పైమాటే. అందువల్ల వెయ్యి హార్స్‌పవర్ బండిని పద్ధతిగా ట్యూన్ చేసేవాడు మొదటి గేర్‌లో టార్క్‌ను కావాలని కోసేస్తాడు. సంపాదించిందంతా మూడో గేర్‌లో, నాలుగో గేర్‌లో చేతికొస్తుంది. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు తట్టుకోలేనిది ఈ ఓపికనే.

ఇదే లెక్కకు రెండో ముఖం ఉంది. వెనక రెండు చక్రాలకే బలం వెళ్లే బండిలో అది ఎక్కువైతే వెనక టైర్లు గిర్రున తిరిగి పొగ చిమ్ముతాయి. చూడ్డానికి వృథాగా కనిపిస్తుంది. నిజానికి ఆ జారడమే షాఫ్టులను కాపాడుతుంది. ఇంట్లో కరెంటు ఎక్కువైనప్పుడు ముందుగా కాలిపోయే ఫ్యూజు చేసే పనే టైరు చేస్తోంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఆ ఫ్యూజు మందమవుతుంది. నాలుగు టైర్లూ నేలను పట్టుకుంటాయి, జారవు, దెబ్బ నేరుగా లోపలికి పోతుంది. అంటుకునే డ్రాగ్ టైర్లు వేస్తే ఇంకా మందం. అప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్, యాక్సిల్ వీటిలో ఏది బలహీనమో అది తెగుతుంది. దాన్ని బాగుచేస్తే పక్కది తెగుతుంది. అన్నిటికంటే పాడు క్షణం ఒకటుంది. జారుతున్న టైరు ఉన్నట్టుండి మళ్లీ నేల పట్టుకునే క్షణం. తిరుగుతున్న ఇంజిన్, గేర్‌బాక్స్, చక్రాల ఊపంతా ఒక్క కుదుపులో షాఫ్ట్ మీద పడుతుంది. విరిగిన యాక్సిల్ షాఫ్ట్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. విరగడానికి ముందు మెలిపడిన ఉక్కు చారలు దాని ఒంటి మీద వంకరగా తిరిగి ఉంటాయి.

2010లో జర్మనీలోని బాట్రాప్ ఊరి బ్రాబస్ సంస్థ చేసిన ఒక పని ఇక్కడ గుర్తొస్తుంది. మెర్సిడెస్ జీఎల్‌కే అనే చిన్న క్రాసోవర్ ముక్కులో వాళ్లు 6.3 లీటర్ల, రెండు టర్బోల వీ12 ఇరికించారు. 750 హార్స్‌పవర్. ఇంజిన్ ఇవ్వగలిగిన టార్క్ 1,350 న్యూటన్ మీటర్లు. బయటికి వదిలింది 1,100. మిగతాది ఎలక్ట్రానిక్స్‌తో కట్టడి చేశారు. ఇటలీలోని నార్డో వలయం మీద ఆ బండి గంటకు 322 కి.మీ. అందుకుంది. చేతిలో 1,350 ఉండీ 1,100 దగ్గర ఆగగలగడం ఈ వృత్తిలో పనితనానికి గీటురాయి. బ్రోషర్‌లో పెద్ద అంకె వేసుకోవడం ఎవరైనా చేయగలరు.

గరిష్ఠ వేగం దగ్గర మరో గోడ ఉంది. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. 707 నుంచి 1,012కు పోవడమంటే శక్తి 43 శాతం పెరిగింది. వేగం పెరగగలిగింది మహా అయితే 13 శాతం. 2017లో టొయోటా కాలిఫోర్నియాలోని మొహావీ విమానాశ్రయపు రన్‌వే మీద ఒక ల్యాండ్ క్రూయిజర్‌ను పరిగెత్తించింది. మాజీ నాస్కార్ డ్రైవర్ కార్ల్ ఎడ్వర్డ్స్ నడిపాడు. 2,000 హార్స్‌పవర్, గంటకు 230 మైళ్లు, అంటే 370 కి.మీ. జీఎల్‌కే కంటే రెండున్నర రెట్లకు పైగా బలం. దాని కంటే పెద్ద శరీరం కాబట్టి అదనంగా దక్కిన వేగం 48 కి.మీ. మాత్రమే.

ఆగడం గురించి ఇంతవరకు ఏమీ అనలేదు. ట్యూనింగ్ ప్రకటనలూ పెద్దగా ఏమీ అనవు. వేగం రెండింతలైతే బండిలో నిలవుండే గతిశక్తి నాలుగింతలవుతుంది. 100 కి.మీ. దగ్గర ట్రాక్‌హాక్‌లో ఉండేది 9 లక్షల జౌళ్ల పైచిలుకు. 290 దగ్గర సుమారు 79 లక్షలు. ఆ మొత్తాన్నీ నాలుగు డిస్కులు వేడిగా మింగాలి. డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అది గాలిలో తేమను పీల్చుకునే ద్రవం. నీరు చేరాక ప్రమాణమే 155 డిగ్రీలకు దిగుతుంది. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఏళ్ల తరబడి ఫ్లూయిడ్ మార్చని బండి ఎక్కడ ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఫ్లూయిడ్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. సూపర్‌చార్జర్ పుల్లీ కొన్నవాడు అదే రోజు బ్రేకు ఫ్లూయిడ్ కూడా కొనాలని పట్టుబట్టే మెకానిక్ దొరికితే అతణ్ని వదులుకోకూడదు.

మన దగ్గర ఈ బండ్లు లేకపోలేదు. 650 హార్స్‌పవర్ లంబోర్గినీ ఉరుస్ హైదరాబాద్ రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటుంది. 2021లో జూనియర్ ఎన్టీఆర్ కొన్న గ్రాఫైట్ క్యాప్సూల్ ఉరుస్ దేశంలోనే మొదటిదని వార్తలొచ్చాయి. ఊరి చుట్టూ 158 కి.మీ. ఔటర్ రింగ్ రోడ్డు, ఎనిమిది వరసలు, గరిష్ఠ పరిమితి 120. ఫ్యాక్టరీ ఇచ్చిన బలానికే అక్కడ పని లేదు. చట్టం కూడా స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన మూల స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని తేల్చింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే అవకాశం వచ్చింది. అమెరికాలో సైతం కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించడం క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద నిషిద్ధమే. రోడ్డు మీద ఈ కట్టడి ఉండాల్సిందే. పాదచారికి మలుపులో తన మీదికి వచ్చే బండి గురించి ఏమీ తెలియదు.

కానీ ఈ విద్యకు చోటే లేకుండా పోవడం మాత్రం బాధ కలిగించే విషయం. పుల్లీ నుంచి బ్రేకు దాకా గొలుసులో ప్రతి లంకెనూ తెలిసిన మెకానిక్, కాలేజీలో నాలుగేళ్లు చదివినా దొరకని ఇంజినీరింగ్ నేర్చి ఉంటాడు. ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో 2021లో తెరిచిన 11.3 కి.మీ. హైస్పీడ్ ట్రాక్ లాంటివి వాహన పరీక్షల కోసం ఉన్నాయి. అలాంటి మూసిన ట్రాక్ మీద, అంబులెన్స్ పక్కన పెట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, కుర్రాళ్లు తమ పని పరీక్షించుకునే రోజులు మన రాష్ట్రాల్లోనూ మరిన్ని రావాలి.

ఇంతలో ఆట స్వరూపమే మారిపోతోంది. టెస్లా మోడల్ ఎక్స్ ప్లెయిడ్‌లో మూడు మోటార్లు, 1,020 హార్స్‌పవర్. బరువు దాదాపు ట్రాక్‌హాక్ అంతే. ఏ పుల్లీ మార్చకుండా, ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటికే 60 మైళ్లకు 2.5 సెకన్లని కంపెనీ చెప్పింది. మామూలు టైర్ల లెక్కలో వచ్చిన 2.7 కంటే అది కాస్త తక్కువే, టైర్ల పట్టుకు దాదాపు కొస. ఆ పైన హార్స్‌పవర్ చేర్చి అమ్మడానికి ట్యూనర్ దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు. దీనికి అన్నలాంటి మోడల్ ఎస్ ప్లెయిడ్ కోసం టెస్లా తానే అమ్మకానికి పెట్టిన ట్రాక్ ప్యాకేజీలో ఉన్నవి కార్బన్ సెరామిక్ బ్రేకులు, ఎక్కువ వేడి తట్టుకునే బ్రేకు ఫ్లూయిడ్, పట్టు ఎక్కువున్న టైర్లు.